బూదన్న మాస్టారి కొత్త జట్టు

తుమ్మలవాగు ఇవతలి గట్టున జంతువుల హైస్కూలు ఉంది. బూదన్న అనే ఎద్దు అక్కడ డ్రిల్లు మాస్టారు. ఫుట్‌బాల్ జట్టు బరువు కూడా ఆయన మెడ మీదే. ఆ ఏడు ఆయనకు పెద్ద చిక్కొచ్చిపడింది. నిరుటి దాకా ఆడిన దున్నలూ గుర్రాలూ పది పాసై వెళ్ళిపోయాయి. మిగిలినవాళ్ళంతా మొన్నమొన్ననే బంతి ముఖం చూసిన పిల్లకాయలు. కెప్టెన్ వీరమణి అనే మేకపిల్ల. ముందు వరసలో పోలయ్య అనే కుందేలు. వాడికి కాళ్ళున్నాయి గానీ నిదానం లేదు. గోలు కాసేది తాతారావు అనే తాబేలు. వాడికి నిదానం ఉంది గానీ కాళ్ళు లేవు.

హెడ్మాస్టరమ్మ ఏనుగు బూదన్నను పిలిపించింది.

"మాస్టారూ, ఈ ఏడు మనకు అయిదు ఆటలు. ఒక్కటైనా గెలవకపోతే ఇక జట్టు ఉండదు. మైదానం దున్ని జొన్న వేయాలని కమిటీవాళ్ళు పట్టుబడుతున్నారు."

"జొన్నంటే నాకూ ఇష్టమేనమ్మా. కానీ పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు?" అని నిట్టూర్చాడు బూదన్న.

మొదటి ఆట కోతులతో. తొమ్మిది గోల్స్ తేడాతో ఓడారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పోలయ్య హుషారులో తన సొంత గోల్లోకే రెండు కొట్టేసి, "మాస్టారూ, రెండూ నావే!" అని గంతులేశాడు.

"సంతోషంరా. గురి కుదిరింది, దిక్కు తెలిస్తే చాలు" అన్నాడు బూదన్న.

రెండో ఆట జింకలతో. అయిదు గోల్స్ తేడా. ఇలా కాదని బూదన్న మైదానం అంచునే నిలబడి గొంతు చించుకోవడం మొదలుపెట్టాడు. "ఎడమకు కొట్టు! కుడికి తిప్పు! తాతారావూ, కదలకు!" పిల్లలు కూడా బంతి కాలికి తగలడమే ఆలస్యం, ఆయన వైపు తిరిగి, "మాస్టారూ, ఎటు?" అని అడగడం అలవాటు చేసుకున్నారు.

మూడో ఆట అడవిపందులతో. చివరి నిమిషం దాకా రెండు జట్లకూ గోలు లేదు. అప్పుడు పోలయ్యకు బంతి దొరికింది. ఎదురుగా గోలు ఖాళీ. కొడితే గెలుపే. వాడేమో టక్కున ఆగి, "మాస్టారూ, ఎటు?" అన్నాడు. సరిగ్గా అప్పుడే బూదన్న కంట్లో దుమ్ము పడింది. ఆయన కన్ను నలుపుకొనేలోగా పంది వచ్చి బంతి ఎగరేసుకుపోయింది. అటు గోలు పడింది. ఆట పోయింది.

పోలయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. బూదన్న వాణ్ణి దగ్గరకు తీసుకున్నాడు గానీ ఆయన గుండె కూడా బరువెక్కింది. 'తప్పు వాడిది కాదు. పదకొండు మందికీ కాళ్ళిచ్చి, బుర్ర మాత్రం నా దగ్గరే అట్టిపెట్టుకున్నాను' అనుకున్నాడు.

ఆ ఆటను పొదచాటు నుంచి ఇంకొకడు కూడా చూశాడు. అవతలి గట్టు తోడేళ్ళ జట్టుకు మాస్టారు, పానకాలు అనే నక్క. 'ఓహో, ఈ పిల్లకాయల పగ్గాలన్నీ ముసలెద్దు గొంతులో ఉన్నాయన్నమాట!' అనుకుని, నేరుగా రత్తాలు అనే గోరింక ఇంటికి వెళ్ళాడు. ఎవరి గొంతునైనా దించెయ్యడంలో రత్తాలు దిట్ట.

"వదినా, బూదన్న గొంతు పట్టగలవా?"

"పది రోజులివ్వు. ఆయన పెళ్ళామే పలకాలి!" అంది రత్తాలు.

ఆ పది రోజులూ పానకాలు గోరింక ఇల్లు కదల్లేదు. ఇవతల బూదన్న పిల్లల్ని కూర్చోబెట్టి, "రేపటి నుంచి నా నోట్లో నెమరు తప్ప మాట ఉండదు. ఎటు కొట్టాలో మీరే చూసుకోండి" అన్నాడు.

"మాకేం తెలుసు మాస్టారూ?" బిక్కమొహం వేసింది వీరమణి.

"తెలియదనే కదా ఆడుతున్నది. ఆడితే తెలుస్తుంది."

మూడు రోజులు మైదానం సంతలా అయింది. ఒకరినొకరు గుద్దుకున్నారు, తిట్టుకున్నారు. బూదన్నకు నాలుక దురద పుట్టినా గడ్డి కుక్కుకుని ఊరుకున్నాడు. నాలుగో రోజున, "పోలీ, నీ వెనక ఖాళీ ఉంది!" అని వీరమణి అరిచింది. పోలయ్య వెనక్కి తన్నాడు. అంతే, తాళంచెవి దొరికినట్టయింది. నాలుగో ఆటలో గుర్రప్పిల్లలతో రెండుకు రెండు, సమానంగా ముగించారు.

గెలుపు మాత్రం ఇంకా లేదు. మిగిలింది ఒక్కటే ఆట, తోడేళ్ళతో.

ఆ రోజు రెండు గట్ల జనమూ మైదానం చుట్టూ మూగారు. హాఫ్ టైమ్‌కు తోడేళ్ళది ఒక గోలు పైచేయి. పానకాలు తనవాళ్ళ చెవిలో ఊదాడు. "ఇక ఎద్దు గొంతు వినపడగానే, అది చెప్పిన వైపుకు మీరంతా పరిగెత్తండి. బంతి నడిచొచ్చి మీ కాళ్ళ దగ్గర పడుతుంది."

ఆట మళ్ళీ మొదలైంది. వీరమణి కాలికి బంతి చిక్కింది. వెంటనే మైదానం పక్కనున్న తుమ్మచెట్టు మీంచి బూదన్న గొంతు ఖంగుమంది. "ఎడమకు కొట్టండ్రా!"

బూదన్న ఉలిక్కిపడ్డాడు. తన నోటి నిండా నెమరుంది! మోసం అర్థమైంది. 'అది నేను కాదు' అని అరవబోయాడు. కానీ అరిస్తే పిల్లలు ఆగి తనవైపు చూస్తారేమో! పళ్ళు బిగించి ఊరుకున్నాడు.

తోడేళ్ళన్నీ ఎడమకు ఉరికాయి. వీరమణి తల కూడా తిప్పలేదు. కుడివైపు నున్నగా ఖాళీ అయిన దారిలో పోలయ్యకు బంతి వేసింది. వాడు ఎవర్నీ ఏమీ అడగలేదు. గోల్లోకి తన్నాడు!

"చెవిలో పడి ఉండదు. ఇంకా గట్టిగా!" అని చెట్టు కిందకొచ్చి సైగ చేశాడు పానకాలు.

"తాతారావూ, గోలు వదిలి ముందుకు రా!" అని రంకె వేసింది రత్తాలు. గోలు ఖాళీ అయిందనుకుని పెద్ద తోడేలు అంత దూరం నుంచే, చూడకుండా బలంగా తన్నింది. తాతారావు ఉన్నచోటనే ఉన్నాడు. బంతి వచ్చి వాడి వీపు చిప్పకు తగిలి, తోడేళ్ళ తలల మీదుగా ఎగిరి పోలయ్య ముందు పడింది. రెండో గోలు! ఆట ముగిసిందని విజిల్ ఊదేశారు.

బూదన్న నెమరు మింగి, కన్నీళ్ళు తుడుచుకుని, "నా గొంతు వినపడినా ఎందుకు తిరగలేదే?" అని వీరమణిని అడిగాడు.

"మీరైనా సరే, ఇప్పుడు మేం వినం కదా మాస్టారూ!" అంది వీరమణి. పిల్లలంతా గొల్లుమన్నారు. బూదన్న అందరికంటే పెద్దగా నవ్వాడు. హెడ్మాస్టరమ్మ తొండమెత్తి, "జొన్న ఇంకెక్కడన్నా వేసుకోండయ్యా" అని కమిటీవాళ్ళకు చెప్పేసింది.

పానకాలు తోక ముడుచుకుని వచ్చాడు. "బావా, పది రోజుల్లో వాళ్ళ చెవిలో ఏం మంత్రం ఊదావు?"

"ఊదడం మానేశాను బావా, అంతే" అన్నాడు బూదన్న.

వెనక నుంచి తోడేళ్ళు, "ఈసారి మా కళ్ళతోనే మేం చూసుకుంటాం మాస్టారూ" అని పానకాల్ని తుమ్మచెట్టు కిందే వదిలేసి, వాగు దాటి వెళ్ళిపోయాయి.

నీతి: ఎదుటివాడి నిన్నటి లోటును నమ్ముకుని ఇవాళ ఎత్తు వేసేవాడు, ఈలోగా నేర్చుకున్నవాడి చేతిలో చిత్తవుతాడు.