మరువాడ జనం చూపు

అనగనగా ఒక రాజు. రాజన్నాక రాజ్యం ఉండాలి కదా, దాని పేరు మరువాడ. ఆ రాజుకి ఒక్కతే కూతురు, కువలయ. పంతొమ్మిదేళ్ళ పిల్ల. కిలకిలా నవ్విందంటే దొడ్లో ఆవులు కూడా మేత మానేసి తలెత్తి చూసేవి.

మరువాడలో ఒక ఆచారం ఉంది. ప్రతి శుక్రవారం పొద్దున్నే రాకుమారి మేడమీద కూర్చోవాలి, జనం కిందనుంచి ఆమె ముఖం చూడాలి. ముఖం నిగనిగలాడితే పంటలు పండుతాయని, ముడత పడితే నేల బీటలు వారుతుందని వాళ్ళ నమ్మకం. వానకీ ఆడపిల్ల బుగ్గకీ సంబంధం ఏమిటో నేను చాలాకాలం ఆలోచించాను. నాకు తేలలేదు. సరే, నా సంగతి వదిలేయండి. వాళ్ళు చూసేవాళ్ళు. చూసి ఊరుకుంటారా?

"ఏమే, పాపిట్లో ఆ తెల్లవెంట్రుక చూశావా?" అంది చెంగమ్మవ్వ. ఆమెకి ఊళ్ళో అందరికంటే చూపెక్కువ.

"నవ్వితే కంటిమూల గీత కూడా పడుతోందవ్వా!"

"కంటికింద ఆ నలుపో? ఇంకా పెళ్ళయినా కాలేదు!"

ఈ మాటలు మేడమీదికి వినపడేవి. కువలయ నవ్వడం తగ్గించింది. రాజు బెంగపెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ధూమ్రకేశి అనే మాంత్రికుడు మూడు భరిణెలతో దిగాడు. మొదటి లేపనం పాపిట్లో రాశాడు. తెల్లవెంట్రుక నల్లబడింది, కువలయ నవ్వు పోయింది. రెండో లేపనం కంటిమూల రాశాడు. గీత పోయింది, ఏడుపు పోయింది. ముఖం మాత్రం అద్దంలా మెరిసిపోతోంది. జనం ఆహా అన్నారు.

"మూడోది పున్నమి వెళ్ళాక వచ్చే శుక్రవారం రాస్తాను. దాంతో మాట పోతుంది. ఆపైన ఈమె బంగారు బొమ్మ. బొమ్మ నాది," అన్నాడు మాంత్రికుడు. రాజు కత్తి దూశాడు. కత్తి పొగలో దూరినట్టు వాడి ఒంట్లో దూరి బయటికొచ్చింది.

ఈ కబురు పక్క రాజ్యానికి పాకింది. అక్కడ ముగ్గురు రాకుమారులున్నారు. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుందని మీకు తెలుసు, నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. ముగ్గురూ బయల్దేరారు. ఒడ్డున ఒక ముసలి తాబేలు ఉంది. దాని మెడంతా ముడతలే.

పెద్దవాడు దాన్ని చూసి పకపకా నవ్వాడు. తాబేలు తల లోపలికి లాక్కుంది. రెండోవాడు "అయ్యో పాపం, ఎలా ఉండేదానివో!" అన్నాడు. తాబేలు తల లోపలికి లాక్కుంది. మూడోవాడు సుబాహు. వాడు దాని పక్కన చతికిలబడి, "మా నాయనమ్మ చేతులు ఇలాగే ఉంటాయి. ఒకసారి తాకనా తాతా?" అన్నాడు.

"తాకు. చక్కిలిగిలి పెట్టావో, నీళ్ళలో ముంచుతాను," అంది తాబేలు. "ఎక్కు."

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు, అలా ఏడూ దాటారు. దారిలో తాబేలు ఒక రహస్యం చెప్పింది.

"ఆ చిలక మీద బాణం పనిచెయ్యదు నాయనా, కత్తి పనిచెయ్యదు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారే, అది పనిచేస్తుంది. జనం దిష్టి తగలకూడదనే వాడు దాన్ని ఇంతదూరం దాచాడు."

దీవిలో పంజరం ఉంది, పంజరంలో చిలక ఉంది. "ఇంత సొగసు పెట్టుకుని ఏం లాభం? చూసే దిక్కే లేదు," అని అది వాపోతోంది.

"మా పొరుగున మరువాడ ఉంది. చూడటంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు," అన్నాడు సుబాహు.

"మరి ఇంకా నిలబడ్డావేం? పద!" అంది చిలక.

శుక్రవారం వచ్చింది. మేడమీద ధూమ్రకేశి మూడో భరిణె మూత తీశాడు. వేలు ముంచాడు. అంతలో సుబాహు పరుగున వచ్చి పంజరాన్ని పిట్టగోడ మీద పెట్టి, పైనున్న ఉత్తరీయం లాగేశాడు. జనం కళ్ళన్నీ అటు తిరిగాయి.

"ముక్కు మరీ వంకర కదూ?" అంది చెంగమ్మవ్వ. ఒక ఈక రాలింది. మాంత్రికుడి జుట్టు తెల్లబడింది.

"మెడ దగ్గర పలచబడినట్టుంది." ఇంకో ఈక రాలింది. వాడి బుగ్గలు జారాయి.

"రెక్కకింద ఆ మచ్చేమిటే?" గుప్పెడు ఈకలు రాలాయి. వాడి నడుం వంగిపోయింది, భరిణె చేతిలోంచి జారి పగిలింది.

"చూడకండి! అలా చూడకండి!" అని వాడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఆ మాట నేనూ అనుకున్నాను, వారం వారం," అంది కువలయ. "నావి నాకిచ్చెయ్. పంజరం మీద గుడ్డ కప్పుతాను."

వాడు ఇచ్చేశాడు. ఆమె ఉత్తరీయం కప్పింది. వాడు బోడి చిలకని చంకన పెట్టుకుని, మరి ఈ పక్కకి రానని ఒట్టేసి వెళ్ళిపోయాడు.

కువలయ ముందు తనివితీరా ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని సుబాహు వైపు తేరిపార చూసింది.

"ఎండకి కమిలి నీ ముక్కు వంకాయలా ఉంది!"

"ఏడు సముద్రాలమ్మా. మీరైతే గొడుగు పట్టుకెళ్ళేవారు," అన్నాడు వాడు.

ఆమె పడీపడీ నవ్వింది. కంటిమూల గీత పడింది, చెరిగిపోలేదు. చెంగమ్మవ్వ గబగబా మేడెక్కింది. గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ.

"నా పాడు కన్నే ముందు పడింది తల్లీ," అని ముమ్మారు దిష్టి తీసి, ముక్కు చీదుకుంటూ కూలబడింది.

ఆ నెలలోనే పెళ్ళయింది. తాబేలు మగపెళ్ళివారి వరసలో కూర్చుని మూడు బూరెలు తింది. శుక్రవారాలు ఆగలేదు. కాకపోతే మేడ దిగి కువలయే జనం మధ్యకి వచ్చేది. వాళ్ళ ఎత్తిపొడుపులకి ఎదురు ఎత్తిపొడుపులు వేసేది.

వానలు పడ్డాయా అంటారా? పడాల్సినప్పుడు పడ్డాయి, ఎగ్గొట్టాల్సినప్పుడు ఎగ్గొట్టాయి. ఆమె తల ముగ్గుబుట్ట అయ్యేదాకా, ఆయనకి ఒక్క పన్నూ మిగలనిదాకా ఇద్దరూ కలిసి రాజ్యమేలారు. వాళ్ళక్కడ చల్లగా ఉన్నారు, మనమిక్కడ చల్లగా ఉన్నాం. పదండి, అన్నాలకి పిలుస్తున్నారు.