కాళ్లు చాపిన ముద్రాలమ్మ

చిప్పలదిబ్బ నుంచి పెద్దరేవుకు పోయే దారిలో, సముద్రానికి మూడు మైళ్ల దూరాన, తాటితోపు పక్కన శ్రీ ముద్రాలమ్మవారి గుడి ఉన్నది. గోపురం లేదు. గర్భగుడి నావలాగా పొడవుగా, ఇరుకుగా ఉంటుంది. అమ్మవారు వెనక్కి వాలి, రెండు కాళ్లూ ముందుకు చాపుకుని కూర్చుని దర్శనమిస్తారు. జాలరుల తల్లి నీటికి ఇంత దూరాన ఎందుకు వెలసిందని కొత్త యాత్రికులు అడుగుతుంటారు.

పూర్వం ఇక్కడి ఉప్పుటేరు నిండా ఆల్చిప్పలు ఉండేవి. వాటిని కాల్చి చేసే గుల్లసున్నం కోసం ఎవరికి దొరికినన్ని వారు తోడుకుపోగా ఏరు దాదాపు ఖాళీ అయింది. అప్పుడు రేవు కచేరీవారు చట్టం చేశారు. చిప్పలు తీయడానికి నలభై నావలకే అనుమతి. అనుమతి పొందిన నావ ముక్కున కాల్చిన ఇనుముతో ముద్ర వేస్తారు. యజమాని మరణిస్తే ముద్ర చెల్లదు. ముద్ర లేని నావ నీటి మీద కనిపిస్తే గొడ్డళ్లతో పగలగొడతారు. చిప్పలు మిగలాలంటే కట్టడి ఉండాల్సిందేనని ఊరి పెద్దలూ ఒప్పుకున్నారు.

ఆ ఏడే చిప్పలదిబ్బలో గరికిన కొర్లయ్య అనే జాలరి జ్వరంతో పోయాడు. అతని భార్య ఎర్రమ్మ ఆరేళ్లుగా అదే నావలో తెడ్డు వేసిన మనిషి. ఆమెకు వేరే ఆధారం లేదు. ముద్ర తన పేరిట మార్చమని ఆరు క్రోసులు నడిచి కచేరీకి వెళ్లింది. ముద్రలు వేయించే దొరగారు ఊళ్లో లేరన్నారు. మరోసారి మునసబు ఉత్తరం కావాలన్నారు. ఉత్తరం తెస్తే అందులో నావ పొడవు లేదన్నారు. ఇలా ఏడుసార్లు తిరిగింది. ఏడోసారి గుమాస్తా కాగితాల గుట్ట వెనకనుంచి తలెత్తకుండానే చెప్పాడు.

"నావను కొలవాలమ్మా. ఇక్కడికి తీసుకురా."

"నీళ్ల మీద తెస్తే పగలగొడతారు గదా బాబూ."

"చట్టం అంతే."

"దొరగారే ఒకసారి మా ఊరు వస్తే?"

"ఒక్క నావ కోసం ఆయన రారు."

ఎర్రమ్మ ఇంటికి వచ్చి బావగారైన దానయ్యకు సంగతి చెప్పింది. ఆయన "నేల మీద మోసుకుపోదాం" అన్నాడు.

పదహారుమంది తెల్లవారగానే నావను భుజాలకెత్తుకున్నారు. మధ్యాహ్నానికి మూడు మైళ్లే సాగింది. భుజాలు దోక్కుపోయి, తాటితోపు దగ్గర దారి మధ్యనే దించారు. నావకు ఆనుకున్న ఎర్రమ్మకు కునుకు పట్టింది. కలలో ఒక ముసలమ్మ నావలో కూర్చుని ఉంది. పాదాలు వాచి, మడమలు పగిలి ఉన్నాయి.

"ఎవరమ్మా నువ్వు?"

"ఏడుసార్లూ నీ వెనకాలే నడిచాను. ఇంక నా వల్ల కాదు తల్లీ. కొలత కావలసినవాళ్లనే ఇక్కడికి రమ్మను."

ఎర్రమ్మ కళ్లు తెరిచేసరికి నావలో కాళ్లు చాపిన నల్లరాతి మూర్తి ఉన్నది. పదహారుమందీ పట్టినా నావ కదలలేదు. ఎడ్లను కట్టినా కదలలేదు. దారికి నావ అడ్డంపడటంతో ఉప్పు బండ్లు వరుసగా ఆగిపోయాయి. దానయ్య వెళ్లి కచేరీలో చెప్పాడు. బండ్లు కదలాలి గనుక నాలుగోనాడు దొర రాక తప్పలేదు. ఆయన నావను కొలిచి, మూర్తి ముందు కొంతసేపు నిలబడి, ముద్ర వేయించాడు. యజమాని పోతే ముద్ర భార్యకు చెందుతుందని చట్టంలో ఒక వాక్యం చేర్చాడు.

ముద్ర పడింది గాని నావ లేవలేదు. దారినే పక్కకు మళ్లించారు. నావ చుట్టూ గోడ లేచి గుడి అయింది. ఆ ఏడు చిప్పల కాలం అప్పటికే ముగిసింది. మరుసటి ఏడు ఊరివారు తలొక పలకా ఇచ్చి కట్టిన నావకు అదే అనుమతి మీద ముద్ర వేయించుకుని ఎర్రమ్మ ఏటికి వెళ్లింది. ముసలితనం వచ్చాక అమ్మవారి సేవలో ఉండిపోయింది.

నేటికీ గరికిన వంశపు ఆడవారే ఇక్కడ పూజ చేస్తారు. పింఛను కోసమో, పట్టా కోసమో తిరిగి తిరిగి అలసినవారు వస్తే, పూజారమ్మ ముందుగా వారిని కూర్చోబెట్టి, వేడినీళ్లతో వారి కాళ్లు కడుగుతుంది. తాగడానికి మజ్జిగ ఇస్తుంది. పేరూ, గోత్రమూ, వచ్చిన పనీ ఆ తరువాతే అడుగుతుంది. పని అవుతుందని ఆమె మాట ఇవ్వదు. ఇక్కడ కూర్చుని లేచినవారికి మరొక్కసారి వెళ్లే ఓపిక మాత్రం అమ్మవారు ఇస్తుందని భక్తుల నమ్మకం.