సెంట్రింగ్ విప్పిన రోజు

రాత గురించి ఏ ప్రశ్న అడిగినా కోదండపాణి మాస్టారు జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. ఆయన వెనకాల మనమూ నడవాలి. ఎక్కడికని అడగకూడదు. సంభాషణలు ఎలా రాయాలండీ అని అడిగిన పాపానికి ఒకసారి నన్ను చేపల మార్కెట్లో పూట పొడుగునా నిలబెట్టారు. చొక్కాకి పట్టిన వాసన వదిలింది గానీ నా సందేహం వదల్లేదు. అందుకే చీరాలలో ఆయన దగ్గరికి వెళ్ళే మా బోటివాళ్ళం ఎండాకాలంలో ప్రశ్నల జోలికి పోయేవాళ్ళం కాదు. దివాకరం మాత్రం మండు వేసవిలో అడిగాడు. ఎండా నీడా పట్టించుకునే స్థితిలో లేడతను.

అతని సంగతి కాస్త చెప్పాలి. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే దివాకరాన్ని అక్క వకుళ పెంచింది. జాకెట్లు కుట్టి చదివించింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో "వీడి చదువు కానివ్వండి" అంటూ వచ్చి, చివరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేని వయసుకి చేరుకుంది. ఆ అక్క కథనే దివాకరం నవలగా రాశాడు. చిత్తుప్రతి ఏనాడో పూర్తయింది. దిద్దడమే పూర్తి కాలేదు. అక్క ఎవరినైనా ఒక మాట అంటే, ఆ మాట ఎందుకందో చెబుతూ రెండు పేజీలు. ఆ రెండు పేజీలూ చాలవేమోనని వాటికి ఆసరాగా ఇంకో పేజీ. మిషను ముందు కూర్చున్న ఆ మనిషిని చూడాలంటే పాఠకుడు ఈ వివరణల సందుల్లోంచి దూరి దూరి వెళ్ళాలి. అది దివాకరానికీ తెలుసు. కొట్టేద్దామని కలం పట్టుకుంటే చెయ్యి ఆడేది కాదు.

అక్కేమో చదివి వినిపించమని అడుగుతూనే ఉండేది. "తప్పులుంటే ఉండనియ్యరా, నాకేమన్నా తెలుస్తాయా?" అనేది. "ఇంకొక్కసారి దిద్దాక చదువుతానక్కా" అనేవాడు ఇతను. ఆ ఏడు మాఘమాసంలో ఆమె గుండె ఆగి చనిపోయింది. ఒక్క పేజీ కూడా వినలేదు.

వేసవిలో ఒకరోజు పొద్దున్నే దివాకరం ఆ కాగితాల కట్ట తెచ్చి మాస్టారి ముందు పెట్టాడు. పెట్టాడనడం మర్యాదకి, నిజానికి పడేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏ పేజీ తీస్తే ఏది కూలుతుందోనని ఇన్నేళ్ళూ ముట్టుకోలేదండీ. ఇప్పుడు వినాల్సిన మనిషే లేదు. ఇంకెవరి కోసం దిద్దమంటారు? పొయ్యిలో పెట్టేస్తాను, మీరు ఊఁ అనండి చాలు."

మాస్టారు కట్ట వైపు చూడలేదు, ఊఁ అనలేదు. లేచి చెప్పులేసుకున్నారు.

మేం వెళ్ళింది పిచ్చేశ్వరరావు గారింటికి. పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, మాస్టారికి పాత స్నేహితుడు. ఆయన ఇల్లు మా పేటలో అందరికీ తెలుసు, ఎందుకంటే అది సగం కట్టినట్టూ ఉంటుంది, పూర్తయినట్టూ ఉంటుంది. హాలుకి స్లాబ్ పోసిన సాయంత్రమే పెద్ద వాన కురిసిందట. సెంట్రింగ్, అంటే కప్పు గట్టిపడేదాకా కింద ఆనించే సరుగుడు కర్రలూ చెక్కలూ, నెల తిరక్కుండా విప్పెయ్యాల్సినవి. వానలో తడిసిన స్లాబు కదా, మరికొన్నాళ్ళు ఉంచితే మంచిదన్నాడు అప్పటి మేస్త్రీ. ఈలోగా పక్క వీధిలో ఎవరిదో సెంట్రింగ్ విప్పుతుంటే స్లాబు కూలింది. అంతే, పిచ్చేశ్వరరావు గారు ఆ కర్రలు ముట్టుకోనివ్వలేదు. ఆ మేస్త్రీ ఊరొదిలి వెళ్ళిపోయాడు. కర్రలు ఉండిపోయాయి. ఎవరడిగినా "వచ్చే ఎండాకాలం విప్పిస్తా" అనేవారు. భార్యాభర్తలిద్దరూ వెనక వంటగదిలోనూ ముందు వసారాలోనూ కాపురం చేశారు. మధ్యలో ఇంటికంతా పెద్దదైన హాలు సరుగుడు తోటలా ఉండేది. ఆవిడ ఆ కర్రలకి మేకులు కొట్టి సంచులు తగిలించుకునేది, తాళ్ళు కట్టి బట్టలారేసుకునేది.

ఆవిడ, శేషారత్నమ్మ గారు, కాళ్ళు నీరు పట్టి మంచాన పడ్డాక ఒకటే కోరిక కోరింది. వసారాలో వాన జల్లు కొడుతోంది, హాల్లో మంచం వేయించమని. కర్రల మధ్య మంచం పట్టదు. ఆయన మంచివాడు, ఆవిడంటే ప్రాణం, అయినా కర్రల మాటొచ్చేసరికి భయమే గెలిచేది. కిందటి కార్తీకంలో ఆవిడ ఆ వసారాలోనే పోయింది.

మేం వెళ్ళేసరికి ఏసోబు అనే మేస్త్రీ, ఇద్దరు కూలీలు హాలు గుమ్మంలో నిలబడి కప్పు వైపు అనుమానంగా చూస్తున్నారు. పిచ్చేశ్వరరావు గారు చేతులు కట్టుకుని ఒక పక్కగా ఉన్నారు.

"ఇప్పుడు విప్పిస్తున్నారేం?" అన్నారు మాస్టారు.

"ఇప్పుడది కూలినా పోయేది నేనొక్కణ్ణే కదా" అన్నారాయన.

దివాకరం తల దించుకున్నాడు.

మేస్త్రీ అందరినీ వసారాలోకి పొమ్మని, నడిమధ్య కర్ర దగ్గరికి సుత్తి తీసుకుని భయం భయంగా వెళ్ళాడు. కర్ర కింద బిగించిన చెక్కముక్కని కొట్టబోతూ, ఆసరాకని రెండో చెయ్యి కర్ర మీద వేశాడు. కర్ర అటే ఒరిగి పడిపోయింది. మేమంతా ఒక్క గంతున వీధిలో ఉన్నాం. కప్పు మాత్రం కదల్లేదు. దుమ్ము అణిగాక ఏసోబు ఆ కర్రని తిరగేసి చూశాడు. పై కొన గుల్ల. దాని మీద ఉండాల్సిన చెక్క కూడా చెద తినగా మిగిలిన మట్టే.

"దీని తల ఎప్పుడో పోయిందయ్యా. ఇదేం మోయట్లా" అన్నాడు.

ఇంకోటి తోశాడు, అదీ అంతే. మరోటీ అంతే. గోడవారన ఉన్న నాలుగైదు మాత్రం బిగిసే ఉన్నాయి. వాటిని దెబ్బలు కొట్టి తీస్తే కప్పుకి ఒక మూల సన్నగా బీట పడింది, కాస్త పెచ్చు రాలింది. అంతకుమించి ఏమీ కాలేదు.

"ఎన్నాళ్ళబట్టి ఇలా ఉందంటావ్ ఏసోబూ?" అన్నారు పిచ్చేశ్వరరావు గారు.

"నేనేం చెప్పేదయ్యా. శానా ఏళ్ళే అయుంటది."

కప్పు కూలి ఉంటే బాగుండేదని నాకు అప్పుడనిపించింది. కూలితే ఆయన భయానికి ఒక అర్థమైనా ఉండేది. పిచ్చేశ్వరరావు గారు ఏడవలేదు. "మొన్న ఆషాఢంలో కూడా అడిగింది మాస్టారూ" అన్నారు, ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నట్టు. ఎవరి మీద చేస్తారు? ఆ మాట విని దివాకరం గోడకి ఆనుకుని, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఏడ్చింది అతను.

కూలీలు కర్రలన్నీ వీధిలోకి మోసి, చెదమట్టి ఊడ్చి వెళ్ళారు. హాలు అంత పెద్దదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మా మాటలు మాకే తిరిగి వినబడుతున్నాయి. పిచ్చేశ్వరరావు గారు వసారాలోని నవారు మంచం ఒక్కరే ఈడ్చుకుంటూ తెచ్చారు. మేం చెయ్యి వేయబోతే వద్దన్నారు. ఫ్యాను కొక్కేనికి సరిగ్గా కింద వేసి, దుప్పటి పరిచి, ముడతలు సవరించారు. సవరించాక ఇంక చెయ్యడానికేమీ లేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడిపోయారు.

"కూర్చోండి" అన్నారు మా ముగ్గురినీ చూసి.

ఎవరం కదల్లేదు. ఆయన దివాకరం దగ్గరికి వచ్చి, "నువ్వైనా కూర్చో బాబూ" అన్నారు. దివాకరం వెనక్కి జరిగాడు. "అది... ఆవిడ కోసం..." అంటూ మాట మింగేశాడు.

మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేసి మంచం వైపు నడిపించారు.

"ఆవిడ కోసం కట్టిన గదే. అయినా వచ్చినవాళ్ళు కూర్చోవాలిగా" అన్నారు. "కూర్చో."