చూడామణిగారి పన్నీటి ఎరువు

చింతలవీడు సంస్థానాన్ని ఏలే జగ్గరాజుకు తాంబూలం పడందే మాట పెగలదు. ఒకనాడు ఆకు కొరికి, తుపుక్కున ఊసి, "ఇది తమలపాకా, తాటాకా?" అని మండిపడ్డాడు.

ఆకుతోట చూసే గవరమ్మను పిలిపించారు.

"తీగకి బలం చాలట్లేదు దొరా. వంటశాలోళ్ళు గంజీ, కుడితీ తెచ్చి ఎరువు గుంటలో పోస్తన్నారు. ఎరువంతా జిగురు కట్టి కుళ్ళిపోయింది," అంది గవరమ్మ.

ఉద్యాన మంత్రి భుజంగరాయలు ముక్కుకు పట్టుగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆయనకు 'వృక్షవైద్య చూడామణి' అని బిరుదు. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు గానీ, ఏనాడూ ఒక చెట్టును ముట్టుకున్న పాపాన పోలేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది! గుంట నాకప్పగించండి ప్రభూ. నలభై రోజుల్లో బాగుచేస్తాను. చేస్తే మాత్రం ఈమెను తోటలోంచి సాగనంపాలి."

గవరమ్మకు వేరే నీడ లేదు. ముప్పయ్యేళ్ళుగా ఆ తోటలో గుడిసే ఆమెకు ఇల్లు.

"సగం గుంట నాకుంచండి దొరా. నలభయ్యో నాడు రెండూ చూసి మీరే తేల్చండి," అంది.

రాజు సరేనన్నాడు. గుంట మధ్యలో తడిక కట్టారు.

ఇక చూడామణిగారి వైద్యం చూసి తోటలో కాకులు కూడా నవ్వి ఉంటాయి. కుళ్ళిన ఎరువుకు పాలాభిషేకం! దోషం పోవడానికి పాయసం, కంపు పోవడానికి పన్నీరు, పైన పట్టుదుప్పటి. తిరగేసింది లేదు, గాలి తగలనిచ్చింది లేదు.

గవరమ్మ తన సగంలో ఎండాకులు, ఊక, చితక్కొట్టిన కందికంప కలిపింది. నాలుగు రోజులకోసారి పారతో అడుగుది పైకి తిరగేసింది. ఉండలు కనిపిస్తే చిదిపింది. మరీ పొడిబారిన చోట నీళ్ళు చిలకరించింది. నెల తిరిగేసరికి కంపు పోయి, తొలకరి మట్టి వాసన వచ్చింది.

నలభయ్యో రోజు రెండు గంపలూ సభకు వచ్చాయి. మంత్రిగారి గంప మీద జరీగుడ్డ, చుట్టూ మల్లెదండలు. ఆ పూట రాజుగారికి పడిశం. ముక్కులు రెండూ దిబ్బడ వేసి ఉన్నాయి.

"ఆహా, పునుగు పరిమళం!" అన్నాడొక సభాసదుడు, ఊపిరి బిగబట్టి.

"సాక్షాత్తూ శ్రీగంధం!" అన్నాడింకొకడు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

సిగ్గులేని జన్మలు! వాసన తెలియని రాజు వాళ్ళ మాటే నమ్మి, మంత్రి మెడలో వెయ్యడానికి హారం తీశాడు. గవరమ్మకు ఒళ్ళు మండింది.

"ఎరువు సంగతి ముక్కు కన్నా చెయ్యి బాగా చెప్పుద్ది దొరా. పొగిడినోళ్ళందర్నీ తలో పిడికెడు తీసి, ఎవరి ఒళ్ళో వాళ్ళని పిండమనండి!"

సభ చల్లబడిపోయింది. ఒకాయనకు ఉన్నట్టుండి మణికట్టు బెణికింది. ఇంకొకాయనకు అప్పుడే ఏదో వ్రతం గుర్తొచ్చింది.

"అయితే వైద్యం చేసినవాడే పిండాలి," అన్నాడు రాజు.

భుజంగరాయలు కళ్ళు గట్టిగా మూసుకుని పిడికిలి బిగించాడు. నల్లటి రసం వేళ్ళ సందుల్లోంచి మోచేతిదాకా జారి, పట్టుపంచె మీద ధారకట్టింది. ఆ కంపుకు రాజుగారి పడిశం కూడా వదిలింది. "ఛీ ఛీ!" అంటూ సింహాసనం మీంచి లేచిపోయాడు.

గవరమ్మ తన గంపలోంచి పిడికెడు తీసి, ఏకంగా రాజుగారి తెల్లటి ఉత్తరీయం మీదికే చెయ్యి చాపి పిండింది. చుక్క రాలలేదు. పిడికిలి విప్పితే ముద్ద నిలిచింది. వేలితో తాకితే పొడిపొడిగా విడిపోయింది.

"పిండితే కారకూడదు, ముట్టుకుంటే విడాలి. అదీ ఎరువంటే," అంది.

హారం గవరమ్మ మెడలో పడింది. తోట, గుడిసె ఆమె పేర రాసిచ్చి, రాజు అడిగాడు:

"మరి మంత్రి పాడుచేసిన సగం పూడ్పించెయ్యనా?"

"ఎందుకు దొరా? ఎండాకు కలిపి రోజూ తిరగేస్తే అదీ బాగుపడుద్ది. ఆకు నేనిస్తాను, పార నేనిస్తాను."

"తిరగేసేదెవరు?"

"మంత్రిగారి చెయ్యి ఎటూ పాడైంది గదా!"

సభంతా గొల్లుమంది. రాజు నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని, పార తెప్పించి, చూడామణిగారి చేతిలో పెట్టించాడు.