దిగివచ్చిన పోగుముడి తల్లి

హిమాలయాలలో శంఖధార లోయ చివరి ఊరు దాటి రెండు రోజులు ఎగువకు నడిస్తే, భోజవృక్షాలు పలచబడి గడ్డినేల మొదలయ్యేచోట ఒక చిన్న రాతిగుడి ఉంది. పొట్టివారు కూడా తలవంచి లోపలికి వెళ్ళవలసిన గుడి అది. అందులో కొలువైన అమ్మవారిని కొండవారు ధాగా మాయి అంటారు, మన తెలుగు యాత్రికులు పోగుముడి తల్లి అంటారు. మూలమూర్తి మూడడుగుల నల్లరాయి. కుడిపాదం ముందుకు వేసి లోయలోకి దిగుతున్నట్టుగా ఉంటుంది. ఎగువన మంచుశిఖరం కింద ఉన్న పెద్దగుడికి ఈ తల్లి వీపు పెట్టి ఉండడం చూసి కొత్తవారు బిత్తరపోతారు.

అంతకంటే వింత ఇక్కడి ఆచారం. చాలా గుళ్ళకు మనం ఉపవాసంతో వెళ్తాం. ఇక్కడ కడుపు మాడ్చుకుని వచ్చినవారిని అర్చకులు గడప తొక్కనివ్వరు. ఉప్పు వేసిన వేడి యవల జావ రెండు గిన్నెలు తాగిన తరువాతే దర్శనం. పెద్దగుడికి వెళ్ళదలచినవారు ఇక్కడ రెండు రాత్రులు నిద్ర చేయాలి. మూడవనాటి ఉదయం అర్చకులు ఒక్కొక్కరి చేతిలో రెండు నూలుపోగులు పెడతారు. వాటిని కలిపి ముడివేసి చూపినవారే పైకి ఎక్కాలి, ఎక్కినవారు చీకటి పడకముందే మళ్ళీ ఇక్కడికే దిగి రావాలి. వేళ్ళు తడబడి ముడి పడనివారు ఎంతటి గొప్పవారైనా ఆ సాయంత్రం ఇక్కడ హారతి అందుకుని లోయలోకి తిరుగుముఖం పట్టవలసిందే. సిఫారసు ఉత్తరాలు ఇక్కడ పనిచేయవు. ఈ కట్టుబాటు వెనుక ఒక నేతమనిషి మొండితనమూ, అతని భార్య భయమూ ఉన్నాయి.

పూర్వం, కాశీకి కాలినడకన వెళ్ళే రోజులలో, ఇక్కడ గుడి లేదు. గొర్రెల మందలు ఆగే పచ్చిక మాత్రం ఉండేది. ఆ కాలంలో శ్రీకాకుళం సీమ నుంచి పదకొండు మంది యాత్రికులు పెద్దగుడి దర్శనానికి బయలుదేరారు. వారిలో చౌడయ్య, ఆదెమ్మ అనే దంపతులు ఉన్నారు. ఇద్దరూ నేతపనివారే. చౌడయ్య మగ్గం మీద కూర్చుంటే తెగిన పోగును చూడకుండానే పట్టుకుని, పక్కవారితో కబుర్లు చెబుతూ ముడివేసేవాడు. ఆ ముడి ఎక్కడుందో కట్టుకున్నవారికి కూడా తెలిసేది కాదు.

యాత్రకు మూడేళ్ళ ముందు ఆదెమ్మకు సన్నిపాతజ్వరం వచ్చింది. వైద్యుడు చేతులెత్తేశాడు. అప్పుడు చౌడయ్య ఉత్తరదిక్కుకు తిరిగి మొక్కుకున్నాడు. భార్య బ్రతికితే తన చేత్తో నేసిన చీరను మంచుకొండ పెద్దగుడిలోని తల్లికి సమర్పిస్తాననీ, కొంగు కుచ్చులు ఆమె ఎదుటే కూర్చుని ముడివేస్తాననీ, చివరి మజిలీ నుంచి ఆ ముడులు పూర్తయ్యేదాకా పచ్చి మంచినీళ్ళైనా ముట్టననీ మొక్కు. ఆదెమ్మ బ్రతికింది. చీర తయారైంది. విడిపోగులు వేలాడుతున్న కొంగుతో దానిని మూటకట్టి చౌడయ్య వీపున వేసుకున్నాడు.

కాశీలో ఆరు నెలలు ఉండడం వల్ల వారికి ఉత్తరాది మాట కొంత పట్టుబడింది. అక్కడి నుంచి కొండదారి పట్టారు. గుంపుపెద్ద అప్పలస్వామి ఇదివరకు మూడుసార్లు పెద్దగుడి చూసి వచ్చినవాడు. ఆ సంగతి రోజుకు మూడుసార్లు చెప్పేవాడు. దారిలో వానలకు వంతెన కొట్టుకుపోయి నాలుగు రోజులు పోయాయి. పౌర్ణమి దర్శనం తప్పిపోతుందని ఆయన మూడు మజిలీల దారిని ఒక్క మజిలీగా నడిపించాడు. ఈ పచ్చిక మీద ఆగి నిద్ర చేయవలసినవారు ఆగకుండా ఎగువ గుహ దాకా ఎక్కేశారు.

ఆ గుహలో ఎవరికీ నిద్ర పట్టలేదు. తల పగిలిపోతున్నట్టు నొప్పి, అన్నం పేరెత్తితే వాంతి. తెల్లవారి లేచి నాలుగు అడుగులు వేస్తే నలభై అడుగులు వేసినంత రొప్పు. "కొండదేవత పరీచ్చ పెడతంది, ఓర్సుకోవాల" అన్నాడు అప్పలస్వామి. చౌడయ్య మొక్కు ప్రకారం నీటిచుక్క కూడా ముట్టకుండా బయలుదేరాడు. ఆదెమ్మ అతని వెనుకనే నడుస్తూ అతని అడుగులు చూస్తూ వచ్చింది. తిన్నగా ఉన్న దారిలో అతను అటూ ఇటూ తూలుతున్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒక రాళ్ళగుట్ట దగ్గర చౌడయ్య మూట రాతికి గీరుకుని కొంగుపోగు ఒకటి తెగింది. కూర్చుని ముడివేయబోయాడు. పడలేదు. మళ్ళీ వేశాడు, జారిపోయింది. పదిసార్లు వేశాడు. రెండు కొసలూ ఒకచోటికి తేలేక అతని వేళ్ళు గాలిలో తడుముకుంటున్నాయి. ఆదెమ్మ దగ్గరకు జరిగి ఆ వేళ్ళను చూసింది. జ్వరంలో ఉన్నా, మనవడిని ఒళ్ళో పడుకోబెట్టుకున్నా ముడి తప్పని చెయ్యి అది.

"ఏటయ్యా, ముడి పడలేదేటి?" అంది.

"సలికి ఏళ్ళు కొంకర్లు పోనాయే. పద, ఎక్కుదాం."

"సలి నాకూ ఉంది కదా." ఆమె ఆ పోగు అందుకుని రెప్పపాటులో ముడివేసింది. "నీకేటో అయినాది. దిగిపోదాం పద."

చౌడయ్య ముఖం ఎర్రబడింది. మాట ముద్దముద్దగా వచ్చింది. "మొక్కు తీర్సకుండా తిరిగెల్తే నీకేటవుద్దో తెల్దా? నీ పేణం ఇచ్చింది ఆ తల్లి. సీర పెట్టకపోతే ఎనక్కి తీసీసుకుంటది."

"నన్నిచ్చి నిన్ను తీసుకెల్తానందేటి? అలాగైతే నాకీ బేరం వొద్దు."

అప్పలస్వామి మధ్యలోకి వచ్చి, మొక్కు నడుమ తిరుగుముఖం పట్టినవారికి ఏడు తరాల దోషమన్నాడు. "నాను మూడుమార్లు ఎక్కినోణ్ణి, నాకు తెల్దేటి?" అని మిగిలినవారిని వెంటబెట్టుకుని ముందుకు సాగిపోయాడు. ఆలూమగలు ఇద్దరే మిగిలారు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అంటే ఎలా అని ఆదెమ్మకు కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. అతన్ని పైకి నడిపిస్తే ఈ రాత్రి దాటడు. కిందికి నడిపిస్తే భార్యను చంపుకున్నానన్న దిగులుతో ఇంటికి చేరడు.

ఆ సమయంలో బచులీ అనే కాపరి స్త్రీ గొర్రెలను తోలుకుంటూ అటు వచ్చింది. చౌడయ్య వాలకం చూసి ఆగింది.

"ఈయన్ని ఇంకా ఇక్కడ కూర్చోబెట్టావేం?" అంది కొండభాషలో. "మా గొర్రె ఇలా తూలితే మేం మంత్రం వేయించం. దిగువకు తోలేస్తాం. చెట్లు కనపడేసరికి అదే గడ్డి మేస్తుంది."

"మనిషి మాట వినడు కదమ్మా" అంది ఆదెమ్మ.

"గొర్రె మాత్రం వింటుందా?"

అయినా చౌడయ్య లేవలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషి. పైకి వెళ్ళే ఓపిక లేదు, కిందికి వెళ్ళే మనసు లేదు. అలాగే జోగసాగాడు. ఆదెమ్మ ఏమీ తోచక, ఎండపొడ తగులుతున్న రాతికి ఆనుకుని, "తల్లీ, నువ్వే సెప్పు" అని కళ్ళు మూసుకుంది. నూలు కండె ఒకటి చుట్టేంతసేపు కునుకు పట్టింది. ఆ కునుకులో కల వచ్చింది.

కలలో ఒక పెద్దముత్తైదువ అదే గుట్ట మీద, తలకు కంబళి చుట్టుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో చౌడయ్య నేసిన చీర ఉంది. కొంగుపోగులు ముడివేయాలని చూస్తోంది. ఒక్కటీ పడడం లేదు. ఆదెమ్మ దగ్గరకు వెళ్ళేసరికి విసుక్కుని చీర పక్కన పెట్టింది.

"ఇక్కడ నాకూ తల దిమ్ముగానే ఉంటుందే ఆదెమ్మా. ఎన్ని యుగాలైందో. వచ్చినవాళ్ళందరూ అది ఇయ్యి ఇది ఇయ్యి అనేవాళ్ళే. కిందికి రావమ్మా, కాస్త కుదుటపడుదువు అన్న మారాజు ఒక్కడు లేడు."

"అయితే నువ్వు దిగొచ్చీయ్, తల్లీ" అంది ఆదెమ్మ, అత్తింట్లో ఆడబిడ్డతో అన్నట్టుగా.

"వస్తా. చీర చెట్ల దగ్గర కట్టుకుంటా. మీ ఆయన్ని లేపు. ఆ కాపరి దగ్గర జావ ఏదో ఉంది, తాగమను. ఉపవాసాలతో వచ్చి నా కొండ మీద పడిపోతే ఆ పేరు నాకు కదూ!" అని ఆమె లేచి, కుడికాలు ముందు పెట్టి దారి దిగసాగింది.

ఆదెమ్మ కళ్ళు తెరిచింది. ఆమెకు ఒళ్ళంతా తేలికపడింది. భర్త భుజం పట్టి కుదిపింది.

"లెగయ్యా! అమ్మోరు మనకంటే ముందే దిగిపోతంది. సీర నీ కాడుంది. ఆవిడికి అందివ్వవేటి?"

ఆదెమ్మ తన కల చెబుతున్నంతసేపు చౌడయ్య ఆమె ముఖం వైపే చూశాడు. కిందికి వెళ్తే మొక్కు తప్పుతుందనే కదా అతని భయం. తల్లే కిందికి వెళ్తుంటే పైన ఉండి ఏంచేయాలి? అతను రెండు చేతులూ చాచాడు. ఒకవైపు ఆదెమ్మ, ఒకవైపు బచులీ పట్టుకుని లేపారు. నిజంగా కల వచ్చిందా, లేక మొగుణ్ణి దింపడానికి ఆదెమ్మ అల్లిందా అని అడిగే తెలివైనవారు ప్రతి ఏడూ ఒకరైనా ఉంటారు. అర్చకులు వారికి ఇంకో గిన్నె జావ పోస్తారు.

దారి పొడుగునా ఆదెమ్మ ప్రతి మలుపులోనూ భర్తను ఆపి చేతికి రెండు పోగులు ఇచ్చింది. మొదటి మలుపులో అతను వాటిని పట్టుకోలేకపోయాడు. రెండవ మలుపులో పట్టుకున్నాడు, కలపలేకపోయాడు. వాగు దగ్గర ముడి పడినట్టే పడి విడిపోయింది. బచులీ తన సంచిలోని తోలుతిత్తి తీసి, ఉప్పు వేసిన యవల జావ పట్టింది. చౌడయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఉపాసం ఎవలకోసం? ఆవిడే తాగమంది కదా" అని ఆదెమ్మ గద్దించింది. ముప్పై ఏళ్ళ కాపురంలో అంత గట్టిగా ఎప్పుడూ గద్దించలేదు. అతను బుద్ధిగా తాగాడు.

మొదటి భోజవృక్షం కనిపించేసరికి చౌడయ్య తనంతట తాను నడుస్తున్నాడు. పచ్చిక మీదకు రాగానే మూట దించి, ఎవరూ అడగకుండానే చీర విప్పి, కొంగుపోగులు వేళ్ళ మధ్యకు తీసుకున్నాడు. ముడి పడింది. ఇంకొకటి వేశాడు, అదీ పడింది. అతను వరసగా ముడులు వేసుకుంటూ పోతుంటే ఆదెమ్మ నేల మీద కూలబడి బావురుమంది. చౌడయ్య కంగారుపడి, "ఏటే, ఇప్పుడెందుకేడుపు?" అన్నాడు. మాట ముద్దగా లేదు. తేటగా వచ్చింది.

ఆఖరి ముడి వేసి చీర లాగబోతే రాలేదు. కొంగు ఒక రాతికి చుట్టుకుని ఉంది. గడ్డి తొలగించి చూస్తే ఆ నల్లరాతికి ముఖం ఉంది, లోయవైపు వేసిన కుడిపాదం ఉంది. ఏళ్ళ తరబడి అక్కడే మంద మేపుతున్నా తాను ఆ రాయిని ఎన్నడూ చూడలేదని బచులీ ఒట్టు పెట్టుకుని చెప్పింది. ఆలూమగలు ఆ తల్లికి చీర కట్టి సాష్టాంగపడ్డారు. మొక్కు తీరింది, ఇద్దరూ బ్రతికి ఉన్నారు. బతికుంటే బలుసాకు తినవచ్చన్నారు పెద్దలు. వారికి ఆ పూట జావే పాయసమైంది.

బచులీ గొర్రెవెన్నతో ప్రమిద సిద్ధం చేసి వెలిగించమంది. ఆదెమ్మ ఆగింది. పైన ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. తన మనిషి దక్కాడని దీపం పెట్టుకుని కూర్చోవడానికి ఆమెకు చేతులు రాలేదు. గుట్టకేసి చూస్తూ నిలబడి, కేకవేసి పిలవమని బచులీని పంపింది. పొద్దు వాలుతుండగా ఒక్కొక్కరే దిగసాగారు. సగం మంది పెద్దగుడి చూశారు, సగం మంది చూడలేదు. తల పట్టుకోని మనిషి లేడు. ఎనిమిది మంది చేరారు. అప్పలస్వామి రాలేదు.

చౌడయ్య లేవబోతే ఆదెమ్మ కూర్చోబెట్టింది. ఒంట్లో సత్తువ ఉన్న ఇద్దరిని వెంటబెట్టుకుని బచులీ మళ్ళీ ఎక్కింది. మసకవెలుగులో నలుగురూ కనిపించారు. నడుమనున్న అప్పలస్వామి కాళ్ళు ఈడుస్తున్నాడు. ఏడు తరాల దోషం మాట ఆయనా ఎత్తలేదు, ఇంకెవరూ ఎత్తలేదు. ఆదెమ్మ ఆయనను చెయ్యిపట్టి కూర్చోబెట్టి, జావ గిన్నె నోటికందించి, "ఇంకెవులైనా ఉన్నారేటి, అన్నయ్యా?" అని అడిగింది. లేరని ఆయన తల ఊపాడు. అప్పుడు ఆమె దీపం వెలిగించింది. తొలి హారతి చౌడయ్యకూ, పెద్దగుడి చూడకుండా తిరిగివచ్చిన వారికీ ఇచ్చింది. చూసివచ్చినవారు వారి వెనుక నిలబడి కళ్ళకద్దుకున్నారు.

గుడి తరువాతి కాలంలో కట్టారు. అర్చకత్వం బచులీ వంశంలోనే నడుస్తోంది. ముడి పడక తిరుగుముఖం పట్టినవారికి పెద్దగుడి దర్శనఫలం ఇక్కడే దక్కుతుందనీ, వారు ఎవరి కోసం మొక్కుకున్నారో వారు చల్లగా ఉంటారనీ నమ్మకం. సాయంకాలపు తొలి హారతి ఇప్పటికీ వారిదే.

హారతికి ముందు అర్చకురాలు వెలిగించని పళ్ళెంతో గడప మీద నిలబడుతుంది. ఉదయం పోగులు అందుకున్నవారి పేర్లు ఒక్కొక్కటే పిలుస్తుంది. పిలిచిన ప్రతి పేరుకూ మనిషి పలకాలి. ఎవరైనా పలకకపోతే ఆమె పళ్ళెం కింద పెట్టి, కంబళి కప్పుకుని, దారి ఎక్కడం మొదలుపెడుతుంది. ఆ మనిషి చెయ్యిపట్టుకుని తిరిగి వచ్చేదాకా తల్లి చీకటిలోనే ఉంటుంది.