మల్లప్ప తిన్న తుమ్మకాయలు

ఇది చాలా చిన్న కథ. ఒక పొట్టేలు కుస్తీలో ఓడిపోయింది. అంతే. ఇక్కడితో ఆపేయవచ్చు గానీ, గాడిద ఓబులేసు సంగతి చెప్పకుండా ఆపితే అతను నొచ్చుకుంటాడు. ఓబులేసు నొచ్చుకుంటే గుట్ట అవతలికి కూడా వినిపిస్తుంది. ఓబులేసు సంగతి చెప్పి గేదెల సంగతి వదిలేస్తే వాళ్ళూ నొచ్చుకుంటారు. కాకపోతే నొచ్చుకున్నామని వాళ్ళకి తెలిసేసరికి వానాకాలం వస్తుంది. కాబట్టి కాస్త వెనక నుంచి మొదలుపెట్టాలి.

ఎర్రగుట్ట కింద వాగు ఎండాకాలంలో వట్టి ఇసుకగా మిగులుతుంది. ఆ ఇసుకలో ఉన్న చెలమ ఒక్కటే అందరికీ దిక్కు. ముందు తాగినవాళ్ళకి తేట నీళ్ళు, వెనక తాగినవాళ్ళకి బురద. ముందు వంతు ఎవరిదో తేల్చడానికి ఏటా కలబోత కుస్తీ పెడతారు. కుమ్మవచ్చు, తన్నవచ్చు, కరవవచ్చు, పట్టు పట్టవచ్చు. చాలు బాబోయ్ అనుకున్నవాడు కాలితో నేల తట్టాలి. గెలిచినవాడూ, అతని వాళ్ళూ వేసవంతా ముందు తాగుతారు.

పొట్టేలు మల్లప్ప నేల తట్టగా ఎవరూ చూడలేదు. అతనికి మంద లేదు. అతని వాళ్ళంటే మేక తిరపమ్మా, ఆమె ఇద్దరు పిల్లలూ. పొట్టేళ్ళకి చెట్టెక్కడం రాదు గనక కుస్తీ పొద్దున తిరపమ్మ వంగిన తుమ్మచెట్టెక్కి కాయలు రాల్చేది. మల్లప్ప అవి నమిలి బరిలోకి దిగేవాడు. బదులుగా ఆమెకి తేట నీళ్ళు. పాలు తాగే పిల్లలున్న తల్లికి ఎండాకాలంలో ఆ నీళ్ళంటే ప్రాణం.

ఈ ఏడు మల్లప్ప మీదికి ఉడుము ముత్యాలు వచ్చాడు. అతను బరిలోకి పాకుతుంటే గేదెలు కూడా నవ్వాయి. అంటే ఎంత నవ్వు వచ్చిందో ఊహించుకోవచ్చు.

"ఒక్క ఢీ!" అన్నాడు నక్క జగ్గప్ప. జరగబోయేదంతా తనకి ముందే తెలుస్తుందని అతనికో పేరు, అతనే పెట్టుకున్నాడు. "రెండో ఢీ అవసరమైతే నా తోక కోసి ఇస్తా!"

మల్లప్ప ఉరికాడు. ముత్యాలు పక్కకి తప్పుకున్నాడు. మల్లప్ప తిరిగేలోగా మెడ కిందికి దూరి పట్టేశాడు. ఉడుం పట్టు అంటారే, అదే. మల్లప్ప విదిలించాడు, గెంతాడు, పొర్లాడు. తర్వాత కళ్ళు తేలేశాడు. తర్వాత నేల తట్టాడు.

గేదెల నోళ్ళలో గడ్డి నోళ్ళలోనే ఆగింది. ఓబులేసు అరవడానికి నోరు తెరిచాడు, అరుపు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అది రాకపోవడం అదే మొదలు. పంచాయతీ పెద్ద తాబేలు తాత మెడ లోపలికి లాక్కుని, మళ్ళీ బయటపెట్టి చూశాడు. ఫలితం మారలేదు.

ముత్యాలు పట్టు వదిలి, బండ మీదికెక్కి, ఎండకి పడుకున్నాడు. అతని వంక ఎవరూ చూడలేదు. ఎట్టా గెలిచావని ఎవరూ అడగలేదు. అందరికీ కావలసింది మల్లప్ప ఎట్టా ఓడాడన్నదే.

"దిష్టి," అంది పెద్ద గేదె.

"దిష్టి కాదప్పా, కాలు బెణికింది. నేను చూశాగా, కుంటాడు!" అన్నాడు ఓబులేసు.

"ఏ కాలు?"

"ఏదో ఒకటి. నాలుగున్నాయి గదా."

"మనసు బాగోలేదేమో. పొద్దున పలకరిస్తే పలకలేదు," అంది చిన్న గేదె.

"నువ్వు పలకరిస్తే ఎవరు పలుకుతారే?" అంది పెద్ద గేదె.

జగ్గప్ప ఇవన్నీ కళ్ళు మూసుకుని విన్నాడు. తోక మాత్రం కాళ్ళ మధ్య దాచుకున్నాడు. "ఇవన్నీ కాదు. పొద్దున ఏం తిన్నాడు?"

"తుమ్మకాయలు."

"ఎవరు పెట్టారు?"

తలలన్నీ తిరపమ్మ వైపు తిరిగాయి.

సాయంత్రానికి తుమ్మకాయల్లో విషం కలిసింది. మర్నాటికి ఆ విషానికి రంగూ వాసనా వచ్చాయి. ఓబులేసైతే ఆ వాసన తనకి ముందే తగిలిందన్నాడు. తిరపమ్మ చెలమ దగ్గరికి వెళ్తే గేదెలు అడ్డంగా నిలబడ్డాయి. వంతు ఇంకా తేలలేదట, పంచాయతీ అయ్యేదాకా ఆగాలట. వాళ్ళు మాత్రం ఆగలేదు, తాగారు. పిల్లలు రోజంతా ఎండిన పొదుగు కుమ్ముతూనే ఉన్నారు.

తిరపమ్మ మల్లప్పని వెతుక్కుంటూ వెళ్ళింది. అతను రాతి నీడన మెడ నాక్కుంటున్నాడు.

"మల్లన్నా, నీ నోటితో ఒక్కమాట చెప్పయ్యా. విషం లేదని."

మల్లప్ప నాకడం ఆపాడు. "ఏమని చెప్పమంటావక్కా? మూరెడు ఉడుము పడితే ఊపిరాడక నేల తట్టానని చెప్పాలా?"

"జరిగింది అదే గదా!"

"జరిగింది అదే. కానీ వాళ్ళు విషం అంటుంటే... వినడానికి బాగుందక్కా."

"నీకు బాగుంది. నా పిల్లలకి నాలుకలు పీక్కుపోతున్నాయి!"

మల్లప్ప మళ్ళీ మెడ నాక్కున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళని ఆమె చూసింది. ఆ మద్దెల తనే అవుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

పంచాయతీ మూడోనాడు చెలమ గట్టునే కూర్చుంది. చాలామంది పొద్దున్నే కడుపు నిండా నీళ్ళు తాగి వచ్చారు, న్యాయం చెప్పడమంటే దాహమయ్యే పని.

"నిప్పు లేనిదే పొగ రాదు తాతా," అన్నాడు జగ్గప్ప. "విషం లేనిదే మల్లప్ప ఓడడు. ఈమెని చెలమ తొక్కనివ్వకూడదు. రేపు మన నీళ్ళల్లో కలిపితే?"

"ఏమ్మా తిరపమ్మా, ఏమంటావు?" అన్నాడు తాబేలు తాత.

తిరపమ్మ మల్లప్ప వంక చూసింది. మల్లప్ప నేల వంక చూశాడు. నేలలో చూడదగ్గది ఏమీ లేదు. ఆమె ఆ ఇసుకనీ, ఆ నీళ్ళనీ, నీటి తడి ఇంకా ఆరని మూతులన్నిటినీ ఒకసారి చూసింది.

"దాచి లాభం లేదు తాతా," అంది. "కలిపాను. కాయల్లో కలపగా కొంచెం మిగిలింది. పారేయడం ఎందుకని రాత్రి ఈ చెలమలో పోశాను. పొద్దున తాగినవాళ్ళకి ఈపాటికి కడుపులో తిప్పుతుండాలి. ముందు నాలుక మొద్దుబారుతుంది."

ఓబులేసు ఇసుకలో దబ్బున పడ్డాడు.

"అమ్మో, నా నాలుక! నాలుకేదీ!"

"బయటే వేలాడుతోంది మామా!"

"అయితే మొద్దుబారిందే!"

పెద్ద గేదె కూలబడింది. చిన్న గేదెకి కళ్ళు బైర్లు కమ్మాయి, ఆమె అయితే పొద్దున తాగనే లేదు. జగ్గప్ప నురగ కక్కుతూ, తన గుహ ఎవరికి చెందాలో చెప్పడం మొదలుపెట్టాడు. తాబేలు తాత డిప్పలోకి వెళ్ళి లోపలి నుంచే రామనామం అందుకున్నాడు.

ఆ గోలలో నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉన్నది ఇద్దరే. తిరపమ్మా, మల్లప్పా.

తాత తల కొంచెం బయటపెట్టాడు. "మల్లప్పా! నువ్వూ పొద్దున తాగావుగా. నేను చూశాను."

"తాగాను తాతా."

"మరి నీకు కడుపునొప్పి రాలేదేం?"

కొమ్ములు రెండూ బరువైనట్టు మల్లప్ప తల వాలిపోయింది. "ఎట్టా వస్తుంది తాతా? కాయల్లో విషం లేదు. అది తిన్న నాకు తెలుసు. లేని విషం మిగిలేదెట్టా?"

మూలుగులు ఆగిపోయాయి.

"ఏందీ? మళ్ళీ చెప్పు," అంది పెద్ద గేదె పడుకునే.

"ముత్యాలు మెడ పట్టాడు. ఊపిరాడలేదు. విడిపించుకోవడం నాకు చేతకాలేదు. నేల తట్టాను. ఓడిపోయాను. ఈమె మీద మాట పడుతుంటే నోరు మూసుకున్నాను, అది అంతకంటే పెద్ద ఓటమి."

"నేనూ ఏమీ కలపలేదు," అంది తిరపమ్మ. "మీరు తాగింది వట్టి నీళ్ళు. మాటతోనే మీకు కడుపునొప్పి వచ్చింది. మల్లన్న తిన్న విషమూ అట్టాంటిదే."

ఓబులేసు నాలుక లోపలికి లాగి, కదిలించి చూసుకున్నాడు. బాగానే ఉంది. జగ్గప్ప మాత్రం నురగ తుడుచుకుంటూ లేచాడు.

"నమ్మకండి! భయపడి మాట మార్చింది! పాపం మల్లప్పకి విషం తలకెక్కింది, ఓడానంటున్నాడు చూడండి!"

"ఒరే జగ్గప్పా, ఒకటి తేల్చు," అన్నాడు తాత. "విషం ఉంటే నువ్వు చచ్చి ఉండాలి. లేకపోతే ఈమె మీద తగువు లేదు. నువ్వు బతికున్నావా, చచ్చావా?"

జగ్గప్ప చాలా ఆలోచించాడు. బతికున్నానని ఒప్పుకోక తప్పలేదు.

తగువు కొట్టేశారు. ముందు వంతు గెలిచినవాడిది గనక తాత బండ దగ్గరికి వెళ్ళి ముత్యాలుని లేపాడు. నాకు ఆకుల మీది తడి చాలు, నీళ్ళతో పని లేదు, మీరే తాగండి అని ముత్యాలు అటు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం అందరూ చెలమ చుట్టూ చేరారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

"నువ్వు తాగు మామా," అంది పెద్ద గేదె.

"పెద్దదానివి, ముందు నువ్వు," అన్నాడు ఓబులేసు. "జగ్గప్పా, నువ్వు?"

"నాకు దాహం లేదు," అన్నాడు జగ్గప్ప. "విషం ఉందని కాదు. లేదనే అనుకుంటున్నా. అయినా ఎందుకైనా మంచిది."

విషం లేదని తిరపమ్మ ఎన్నిసార్లు చెబితే అంత అనుమానం పెరిగింది. ఆ వేసవంతా వాళ్ళు గుట్ట దాటి, మిట్టమధ్యాహ్నం పక్క ఊరి కుంటకి నడిచారు. అక్కడ ఎప్పుడూ బురదే. చెలమలో తేట నీళ్ళు తాగింది తిరపమ్మా, ఇద్దరు పిల్లలూ, వాళ్ళ వెనక మల్లప్పా.

నీతి: కళ్ళెదుటి ఓటమిని నమ్మలేనివాడు కాళ్ళ ముందరి నీళ్ళనూ నమ్మలేడు.