దాలయ్య గడప

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఊయల్లో చేతులాడించే రోజుల్లో, ఏటి ఒడ్డున ఓ ఊరుండేది. ఆ ఊళ్ళో దాలయ్య అనే బాతుల కాపరి ఉండేవాడు. మనిషి మంచోడు, ఒళ్ళొంచి పనిచేసేవాడు. కాకపోతే నత్తి. మాట గొంతుదాకా వచ్చేది, పెదాల దగ్గర తట్టుకునేది.

తట్టుకుంటే ఏమయింది? కాసేపు ఆగితే వస్తుంది కదా! ఆ ఊరోళ్ళు ఆగితేనా! అతను నోరు తెరవగానే మిగతాది వాళ్ళే చెప్పేసేవారు. అందరికంటే ముందు అతని అప్ప నరసమ్మ. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది. వాడు కష్టపడుతుంటే చూడలేకపోయేది పాపం. వాడి మాట కూడా తనే ఆడేసేది.

విసిగిపోయి దాలయ్య మనుషులతో మాట్లాడ్డమే మానేశాడు. బాతులతో మాత్రం గలగలా మాట్లాడేవాడు. బాతులు మధ్యలో అందుకోవు మరి!

ఓ రోజు ఏటవతల పొలంలో తవిటమ్మ అనే పిల్ల ఆ కబుర్లు విన్నది. గట్టు మీద కూర్చుని పొద్దు వాలేదాకా విన్నది. ఇంటికెళ్ళి, "అయ్యా, చేసుకుంటే ఆ బాతులాయన్నే చేసుకుంటాను" అంది. పెళ్ళయిపోయింది.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. కొత్త జంట గడప దాటాలంటే ఆడపడుచు అడ్డం నిలబడుతుంది, ఒకరి పేరొకరు చెప్పాలి. అది అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. ఈ ఊళ్ళో ఇంకో కట్టుబాటుంది. పేరు ఎవరైనా అందించారా, చెల్లదు. జంట వీధి చివరికెళ్ళి మళ్ళీ మేళంతో రావాలి. మూడోసారీ తప్పితే ఆ గడప వాళ్ళకి అచ్చిరాదని పిల్లని పుట్టింటికి పంపేస్తారు.

తవిటమ్మ "దాలయ్య" అని టక్కున చెప్పేసింది. ఇక అతని వంతు.

"త... త..."

"తవిటమ్మ! చెప్పేశాడమ్మా నా తండ్రి!" అని నరసమ్మ అరిచేసింది. అరిచి నాలిక్కరుచుకుంది. చెల్లలేదు. జంట వెనక్కి నడిచింది.

రెండోసారి వచ్చేసరికి ఊరంతా వైద్యులైపోయారు. "ఊపిరి గట్టిగా పీల్చరా" అని ఒకడు. "పాటలా పాడెయ్" అని ఇంకొకడు. "నిదానం, నిదానం" అని తొందరపెట్టేవాడు మరొకడు! అన్ని సలహాల మధ్య పాపం దాలయ్యకి ఉన్న మాట కూడా బిగుసుకుపోయింది.

"త... త... త..."

డోలు వాయించే గురువులు అనేవాడికి ఆకలి దంచేస్తోంది. "తవిటమ్మే కదయ్యా!" అనేశాడు. చెల్లలేదు.

మూడోసారి. ఈసారి తప్పితే తవిటమ్మ ఉండదు. దాలయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు తవిటమ్మ ఏం చేసిందీ? పట్టుచీర కుచ్చెళ్ళు సర్దుకుని మట్టిలో బాసింపట్టు వేసుక్కూర్చుంది.

"కూర్చోండి అందరూ" అంది. "అది నాకోసం వస్తున్న మాట. దారిలో ఎవరూ అడ్డం పడకండి. నాకు ఆకలీ లేదు, తొందరా లేదు."

పెళ్ళికూతురే కూర్చుంటే మిగతావాళ్ళు నిలబడతారా? వీధి వీధంతా చతికిలబడింది. నరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గురువులు డోలు మీద తల వాల్చాడు.

దాలయ్య ఆమెకేసి చూశాడు. ఆమె వింటోంది, గట్టు మీద కూర్చుని విన్నట్టే వింటోంది.

"త... త... తవి... త... తవిటమ్మ!"

ఓహో! ఇక చూడండి సంబరం. డోలు మోగింది, నరసమ్మ ఏడ్చింది, ముసలమ్మలు ఈలలేశారు. తవిటమ్మ మూతి తిప్పుకుంటూ లేచింది.

"మీ మొగుళ్ళు మీ పేరు ఒక్కసారే పలికి లోపలికి ఉరికారు. మా ఆయన నా పేరు ఎన్నిసార్లు మొదలెట్టాడో విన్నారా!"

ఊళ్ళో ఆడాళ్ళందరూ మొగుళ్ళకేసి గుర్రుగా చూశారు.

నత్తి పోయిందనుకుంటున్నారా? పోలేదు. కానీ ఊరు కూర్చోవడం నేర్చుకుంది. కూర్చుంటే తెలిసింది, దాలయ్య దగ్గర ఎన్ని మాటలున్నాయో! మొదటిరోజే పంక్తిలో, "అప్పా, నాకు స... సొరకాయంటే చ... చిన్నప్పట్నుంచీ గిట్టదు" అన్నాడు. నరసమ్మ లబోదిబోమంది. "ఇన్నేళ్ళూ చెప్పలేదేంరా?" అంటే, "చెప్పనిస్తే కదా!" అన్నాడు. ఆ ముక్క మాత్రం ఎక్కడా తట్టుకోలేదు. అందరికంటే ముందు నరసమ్మే పగలబడి నవ్వింది.

అలా నిండు నూరేళ్ళూ కబుర్లు చెప్పి, మనవల్ని నవ్వించి, దాలయ్య వెళ్ళిపోయాడు. ఊరు మాత్రం అతన్ని మర్చిపోలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎంత మాటకారి పెళ్ళికొడుకైనా గడప దగ్గర పెళ్ళాం పేరు మూడుసార్లు మొదలెట్టి గానీ పూర్తిచెయ్యడు. ఒక్కసారిలో తేల్చేస్తే పెళ్ళికూతురు ఊరుకోదు, "నేనేం తక్కువ?" అంటుంది.

ఇప్పటికీ అక్కడ ఏ పిల్లకో, ఏ ముసలికో మాట తట్టుకుంటే ఎవరూ అందించరు. "దాలయ్య మాట వస్తోంది" అంటారు, ఉన్నచోటే కూర్చుంటారు. మాట వచ్చేస్తుంది.

కథ కంచికి వెళ్తే వెళ్ళనీండి. మనకేం తొందర? కూర్చోండి, మీరేదో అనబోయారు.